పిచ్చుక గూడు: బొక్క కొలత తప్పితే గోరింకలు దూరతాయి

అనంతపురంలో అద్దె ఇంట్లో ఉన్నామని, ఎనిమిదేళ్ల బాబుతో కలిసి చెక్కతో పిచ్చుక గూడు చేయాలనుందని, వడ్రంగం అస్సలు రాదని, ఇంట్లో ఉన్న ప్లైవుడ్ ముక్కలు పనికొస్తాయా అని అడిగారు. నాకూ వడ్రంగం రాదండీ. ప్రొద్దుటూరులో మా ఇంటికి రెండు గూళ్లు చేశాను. మొదటిది దండగ. రెండోదాంట్లో మూడేళ్లుగా పిచ్చుకలు కాపురముంటున్నాయి.

మార్చి 20న పిచ్చుకల దినోత్సవమని మా పాప బడిలో విని వచ్చి పట్టుబడితే మొదటిది చేశాను. మిగిలిపోయిన ప్లైవుడ్, పైన రేకు ముక్క. పక్షికి ఇరుకవుతుందేమోనని జాలిపడి బొక్క రెండంగుళాలు పెట్టాను. చూడ్డానికి బాగుంటుందని దాని కింద చిన్న పుల్ల కూడా దిగ్గొట్టి, పడమటి గోడకు తగిలించాను. పిచ్చుకలు తొంగిచూసే లోపే గోరింకల జంట దూరింది. మే నెలలో చెయ్యి పెట్టి చూస్తే లోపల పెనం మీద పెట్టినట్టుంది. గోరింకలు కూడా వదిలేసి పోయాయి. వానలకు ప్లైవుడ్ పొరలు పొరలుగా ఊడింది. కాబట్టి ప్లైవుడ్ వద్దు.

టింబర్ డిపోలో ఆరంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న మామూలు పలక నాలుగున్నర అడుగులు తీసుకోండి. టేకు అవసరం లేదు. మందం మాత్రం తగ్గనివ్వొద్దు, ఎండకు అదే అడ్డు. కొలతలు రాసిస్తే వాళ్లే మిషన్ మీద కోసిస్తారు. ముందు పలక 9 అంగుళాలు, వెనక పలక 13, పక్క పలకలు రెండూ వెనక వైపు 10, ముందు వైపు 9 ఉండేలా వాలుగా. గూటి అడుగు భాగానికి నాలుగున్నర బై ఆరు ముక్క. కప్పుకు మాత్రం 8 బై 10 ముక్క విడిగా అడగండి, అన్ని వైపులా కాస్త చూరులా బయటికి ఉండాలి. వెనక పలక కిందికి మూడంగుళాలు మిగులుతుంది, గోడకు బిగించడానికి.

అసలు సంగతి బొక్క. 32 మిల్లీమీటర్లు, అంటే అంగుళంపావు. గూటి అడుగు భాగం నుంచి ఆరంగుళాల ఎత్తులో. దీన్ని మీరు ఉలితో తొలవాలని చూడొద్దు, నాలాగా పలక చీల్చుకుంటారు. తలుపులు చేసే ఆచారి దగ్గరికి తీసుకుపోతే తాళం బొక్కలు వేసే మిషన్‌తో ఒక్క నిమిషంలో వేసిస్తాడు. బొక్క కింద పుల్ల వద్దు. పిచ్చుకకు దానితో పనిలేదు, కాకికి నిలబడే చోటు అవుతుంది.

అడుగున నాలుగు మూలలా, పక్కల్లో కప్పు కిందుగా చిన్న చిన్న రంధ్రాలు వేయండి, నీళ్లు పోవడానికి, గాలి ఆడటానికి. కప్పుకు మడతబందు పెట్టి చిన్న కొక్కెం వేస్తే తర్వాత శుభ్రం చేయడం తేలిక. లోపల రంగు, వార్నిష్ ఏమీ వద్దు, నునుపూ చేయొద్దు. పిచ్చుక పిల్లలు గోళ్లతో పట్టుకుని పైకి ఎక్కాలి గదా. బయట వైపు గరుకు కాగితం రుద్దే పని, మేకులు కొట్టే పని మీ బాబుకు ఇవ్వండి. ఒకటి రెండు వంకర పోతాయి, పోనీండి.

ఎక్కడ పెట్టాలంటే సజ్జా కింద, ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తులో, తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి. అద్దె ఇల్లు కాబట్టి డ్రిల్ అంటే ఓనర్ ఒప్పుకోకపోవచ్చు. మేడ మీది కిటికీ గ్రిల్‌కు పైనా కిందా రెండు చోట్ల కట్టు కమ్మితో బిగించండి. ఒక్కచోట వేలాడదీస్తే ఊగుతుంది, పక్షి నమ్మదు. ఫ్యాన్ తిరిగే గదిలోకి దారి ఉండే చోట అస్సలు వద్దు.

మా జేజి వాళ్ల మట్టి మిద్దెలో దూలానికీ, దాని మీద పరిచే దంతె కర్రలకూ మధ్య సందులు ఉండేవి, గవాచి లోంచి, అంటే వెలుతురు కోసం మిద్దెకు వదిలిన కంత లోంచి, పిచ్చుకలు వచ్చి గూడు పెట్టుకునేవి. ఎవరూ ఏ పెట్టే కట్టలేదు. ఇప్పుడు స్లాబు ఇళ్లల్లో ఆ సందు లేదు.

మా రెండో గూడు దీపావళి తర్వాత తగిలిస్తే శివరాత్రి దాటేదాకా దాని వైపు ఏదీ రాలేదు. మా ఆవిడ నవ్వింది కూడా. ఒక పొద్దున గొంతు కింద నల్ల మచ్చ ఉన్న మగ పిచ్చుక బొక్క దగ్గర కూర్చుని ఒకటే అరుపు. వారానికి గడ్డి పోగులు మోయడం మొదలైంది. గుడ్లు పెట్టాక పన్నెండు రోజులు అటూ ఇటూగా పొదుగుతాయి, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. అంతదాకా కప్పు తెరవొద్దని బాబుకు గట్టిగా చెప్పండి. దగ్గర్లో మట్టి మూకుట్లో నీళ్లు, గుప్పెడు కొర్రలో నూకలో చల్లండి. పిల్లలకు అవి పురుగులే తినిపిస్తాయి, అందుకని కుండీల్లో మొక్కలకు పురుగుల మందు కొట్టడం మానేయండి. పిల్లలు వెళ్లిపోయాక పాత గడ్డి తీసి, ఎండలో ఆరబెట్టి మళ్లీ అక్కడే బిగించండి.

ఆ మొదటి పెట్టె ఏమైందంటారా, కప్పు పీకేసి మా ఆవిడ బట్టల క్లిప్పులు వేసుకుంటోంది.