పిల్లలను పల్లెకు తీసుకెళ్లే ముందు

అనంతపురం

అమ్మాయికి ఆశీస్సులు.

ఈసారి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) పిల్లల ఫీల్డ్‌వర్క్‌ను సర్వీస్ లెర్నింగ్ పద్ధతిలో, అంటే ఊరికి సేవ చేస్తూ ఆ అనుభవం నుంచే చదువు నేర్చుకునేలా, చేయిస్తానని రాశావు. చాలా సంతోషమమ్మా. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: ఏ పని చేయాలో ఊరే చెప్పాలి. రాబర్ట్ సిగ్మన్ 1979లో ఈ పద్ధతికి రాసిన మూడు సూత్రాల్లో మొదటిదే ఇది.

అందుకే మొదటి రోజు సర్వే ఫారాలు, బ్యానర్లు వద్దు. జనం కూలి పనుల నుంచి వచ్చాక సాయంత్రం వెళ్లండి. చెనక్కాయ పీకే రోజుల్లో ఇళ్ల దగ్గర ఎవరూ దొరకరు. అది అయ్యాక ఆలస్యం చేస్తే చాలామంది బెంగళూరుకు వలస పోయుంటారు. సెమిస్టర్ కంటే ముందు పంట రోజులు చూసుకో.

మీరు పారిశుధ్యం మీద అవగాహన అనుకుని వెళ్తారు. అక్కడ ఒక అవ్వ మెషిన్‌లో వేలిముద్ర పడట్లేదని చెయ్యి చాపుతుంది. కలుపు తీసీ తీసీ, కాయలు ఒలిచీ ఒలిచీ గీతలు అరిగిపోయిన వేళ్లు. మీ విద్యార్థి ఆమెతో సచివాలయానికి వెళ్లాలి, మాట్లాడేది మాత్రం అవ్వే. ఏ కాగితం అడిగారు, ఎవరు విసుక్కున్నారు, అవ్వ ఎక్కడ తగ్గింది, ఎక్కడ నిలదీసింది, అవన్నీ అతను గమనించాలి. అవసరమైతేనే ఒక మాట అందివ్వాలి. అన్నీ అతనే మాట్లాడేసి వస్తే, వచ్చేసారి అవ్వ ఇంకొకరి కోసం ఎదురుచూడాలి.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన బండ్లపల్లిలోనే అని పిల్లలకు చెప్పు. గ్రామసభే లెక్కలు తనిఖీ చేయాలని ఆ చట్టంలోనే రాశారు. ఊరు కూలి లెక్కలు అడిగితే, మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, పేర్లు, రోజులు చదివి వినిపించండి. తప్పొప్పులు వాళ్లే తేలుస్తారు.

తిరిగొచ్చిన రోజు రాత్రే అందరినీ కూర్చోబెట్టు. అలా ఎందుకు జరిగింది, ఇలాంటి అవ్వలు ఊళ్లో ఇంకెవరున్నారు, గ్రామసభలో ఎవరు అడగాలి, ఇవన్నీ తవ్వించు. కొందరు ఏడుస్తారు, కొందరు కోప్పడతారు, తొందరపెట్టకు. ఈ గంట లేకపోతే సేవ జరుగుతుంది గానీ చదువు జరగదు. మార్కులు ఊళ్లో గడిపిన గంటలకు కాదు, ఈ ఆలోచనకే వెయ్యి.

రిపోర్టు కాలేజీకి ఇచ్చే ముందు ఊళ్లో తెలుగులో చదవండి. "ఇది మేం చెప్పలేదే" అంటే కొట్టేయండి. వచ్చే ఏడాది బ్యాచ్ కూడా అదే ఊరికి వెళ్లేలా ఇప్పుడే హెచ్ఓడీతో మాట్లాడి పెట్టుకో. సగంలో ఉన్న అర్జీల వెంట ఎవరో ఒకరు తిరగాలి కదమ్మా.

నీ మాస్టారు