రైల్లో సిగ్నల్ పోయి ఇంటర్వ్యూ చేజారింది... కేసు వేస్తే నిలుస్తుందా?

సందేహం: మాది కూకట్‌పల్లి. ఉద్యోగం మారదామని మూడు నెలలుగా తిరుగుతున్నాను. గత నెల అర్జెంటుగా సికింద్రాబాద్ నుంచి విజయవాడకు పగటి రైల్లో వెళ్లాల్సి వచ్చింది. అదే రోజు పదకొండు గంటలకు వీడియో ఇంటర్వ్యూ. ఏసీ చెయిర్‌కార్, ఫోన్‌లో 5జీ ప్యాక్, ఇక టెన్షన్ ఏముందిలే అనుకున్నాను. కాజీపేట దాటాక కాల్ మూడుసార్లు కట్ అయింది. నాలుగోసారి కలిసేసరికి అవతలివాళ్లు లేరు, మళ్లీ పిలవలేదు కూడా. అదే ప్రయాణంలో బిర్యానీకి యూపీఐలో 180 రూపాయలు పంపితే నా ఖాతాలో కట్ అయ్యాయి గానీ, అమ్మిన అబ్బాయికి మెసేజ్ రాలేదు. చేసేది లేక మళ్లీ క్యాష్ ఇచ్చాను. రైల్వే మీద, మొబైల్ కంపెనీ మీద కలిపి ఐదు లక్షలకు కేసు వేయమని మా బావ అంటున్నారు. నిలుస్తుందా? – ఒక పాఠకుడు

సలహా: మీ బావగారి ఐదు లక్షలు కాసేపు పక్కన పెట్టి 180 రూపాయల దగ్గర మొదలుపెడదాం. మీరు చివర్లో, ఏదో మాటవరసకు రాసినట్టు రాశారు గానీ, మీ ఉత్తరంలో గట్టి కేసు ఏదైనా ఉంటే అదే.

యూపీఐలో డబ్బు కట్ అయి అవతలివాళ్లకు చేరకపోతే ఏం చేయాలో రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులోనే తేల్చి చెప్పింది. వ్యక్తి నుంచి వ్యక్తికి పంపిన డబ్బయితే మర్నాటికల్లా, వ్యాపారికి చెల్లించినదైతే ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. దాన్ని మీరు అడగకముందే బ్యాంకు మీ ఖాతాలో వేయాలి. నెల గడిచిందంటున్నారు కాబట్టి ముందు స్టేట్‌మెంట్ తీసి చూడండి, డబ్బు ఎప్పుడో వచ్చేసి ఉండొచ్చు. రాకపోతే ఆ లావాదేవీ దగ్గర కనిపించే 12 అంకెల నంబరు రాసుకుని యాప్‌లోనూ బ్యాంకులోనూ ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. సిగ్నల్ లేనిది మీ ఫోన్‌కే కాదు, ఆ అబ్బాయి ఫోన్‌కు కూడా. మెసేజ్ రాలేదంటే డబ్బు చేరలేదని కాదు, ఖమ్మం దగ్గర అతని ఫోన్ మోగి ఉండొచ్చు. మీ స్టేట్‌మెంట్‌లో లావాదేవీ సక్సెస్ అని ఉంటే బ్యాంకు తప్పేమీ లేదు, మీరు బిర్యానీకి రెండుసార్లు డబ్బిచ్చినట్టే. అప్పుడిక అది మీకూ అతనికీ మధ్య లెక్క.

ఇక రైల్వే సంగతి. వినియోగదారుల చట్టం కింద సేవాలోపం అనాలంటే, ఇస్తామన్నదో, చట్టప్రకారం ఇవ్వాల్సిందో ఇవ్వకపోయి ఉండాలి. టికెట్ కొన్నప్పుడు రైల్వే మిమ్మల్ని విజయవాడ చేరుస్తానంది, సీటు ఇస్తానంది. దారి పొడవునా మీ సిమ్‌కు సిగ్నల్ ఉంటుందని ఎక్కడా చెప్పలేదు. చేరుస్తానన్న టైము తప్పితే మాత్రం వేరు. రైలు నాలుగు గంటలు ఆలస్యమై విమానం తప్పిపోయిన ప్రయాణికుడికి పరిహారం ఇవ్వాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు అంది. ఆలస్యానికి సరైన కారణం చూపలేకపోయారు కాబట్టి. టైముకు చేర్చడం రైల్వే పని. ఫోన్ కలపడం దాని పని కాదు.

రైల్లో వైఫై ఎందుకు పెట్టలేదని కూడా అడగలేం. హౌరా రాజధానిలో ఉపగ్రహం ద్వారా పెట్టి చూశారు. ఖర్చు ఎక్కువ, ప్రయాణికులకు అందే వేగం తక్కువ అని ఆ ప్రయోగాన్ని ఆపేసినట్టు 2021 ఆగస్టులో పార్లమెంటుకే చెప్పారు. రైల్వేకు సొంత స్పెక్ట్రం (సిగ్నల్ పంపే రేడియో తరంగాలు) ఉంది కదా అని కొందరు వాదిస్తుంటారు. 2021 జూన్‌లో కేబినెట్ 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ ఇచ్చిన మాట నిజమే. కానీ అది రైళ్ల భద్రతకు, సిబ్బంది సమాచారానికి, మన వీడియో కాల్స్‌కు కాదు. స్టేషన్‌లో మొదటి అరగంట ఫ్రీగా వచ్చే వైఫై పని చేయకపోయినా కేసు కుదరదు. ఉచితంగా ఇచ్చేదాన్ని ఆ చట్టం సేవగానే లెక్కించదు.

మొబైల్ కంపెనీ విషయం వేరు. అక్కడ మీరు డబ్బు కట్టారు. టెలికాం కూడా సేవేనని 2019 వినియోగదారుల చట్టం పేరుపెట్టి మరీ చెప్పింది. టెలిగ్రాఫ్ చట్టం ఉంది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు రావడానికి లేదని కంపెనీలు చాలాకాలం అడ్డుపుల్ల వేశాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ పుల్ల తీసేసింది. కాబట్టి తలుపు తెరిచే ఉంది. లోపలికి వెళ్లాక ఏం నిరూపిస్తారన్నదే ప్రశ్న.

నేనూ ఒకసారి ఇలాగే బోల్తా పడ్డాను. వరంగల్ నుంచి వస్తూ, ఆన్‌లైన్ వాయిదాకు రైల్లోంచే హాజరవుదామని మెడకు తెల్ల బ్యాండ్ కట్టుకుని, బోగీ తలుపు దగ్గర, బాత్రూం పక్కన నిలబడ్డాను. సీటు దగ్గరకంటే అక్కడ ఒక గీత ఎక్కువ వస్తోంది మరి. రఘునాథపల్లి దాటాక నా కేసు పిలిచారు. నేను అన్నదాంట్లో ‘మై లార్డ్’ ఒక్కటే కోర్టుకు వినపడిందట. మిగతా వాదన మొత్తం పక్కన నిలబడ్డ చాయ్ అబ్బాయి విన్నాడు. కేసు వాయిదా పడింది. ఆ మార్గంలో గంటకు 130 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి రెండు కిలోమీటర్ల పైమాటే. చుట్టూ ఉక్కు బోగీ, మూసేసిన అద్దాలు, ఒకేసారి ఒక టవర్ వదిలి ఇంకో టవర్ పట్టుకునే వందల ఫోన్లు. కంపెనీ లాయర్ ఇదంతా వరుసగా చెబుతాడు, తోసిపుచ్చడం కష్టం.

కట్ అయిన ప్రతి కాల్‌కూ రూపాయి చొప్పున, రోజుకు మూడు కాల్స్ వరకు పరిహారం ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015లో నిబంధన పెడితే, 2016 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాల్ కట్ అయిన ప్రతిసారీ తప్పు కంపెనీదే అనుకోవడానికి లేదన్నది అందులో ఒక కారణం. ఇప్పుడున్న ట్రాయ్ 2024 నిబంధనల్లోనూ బిల్లులో అద్దె తగ్గింపు వచ్చేది జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి సేవ ఆగిపోతేనే. పది నిమిషాలు సిగ్నల్ పోతే కాదు.

పోయిన ఉద్యోగానికి ఐదు లక్షలు అసలు రావు. కాల్ నిలిచి ఉంటే ఆ ఉద్యోగం మీకే వచ్చేదని ఎవరు చెప్పగలరు? దూరపు, పరోక్ష నష్టాలకు పరిహారం లేదని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 73వ సెక్షనే చెబుతోంది. ఈ మాట మీ బావగారికి మెల్లగా చెప్పండి.

అలాగని ఊరుకోమనను. ఎక్కడ ఏ నెట్‌వర్క్ ఉందో చూపే కవరేజీ మ్యాపులు కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని ఆ 2024 నిబంధనలే చెబుతున్నాయి. కాజీపేట తర్వాత మీకు కాల్ తెగిన చోట మ్యాపులో 5జీ రంగు నిండుగా ఉండి, ప్రతి ప్రయాణంలోనూ అక్కడ ఫోన్ చచ్చిపోతుంటే, అప్పుడు మీ చేతిలో ఏదో ఉన్నట్టు. మ్యాపు స్క్రీన్‌షాట్, టైముతో కాల్ లాగ్, రైలు టికెట్, రీచార్జి రసీదు దాచండి. కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు (ఫిర్యాదుకు ఇచ్చే నంబరు) తీసుకోండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కస్టమర్ కేర్‌తో గంటసేపు పోట్లాడి ఈ నంబరు మాత్రం అడగకుండా వస్తారు. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లో కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయాలి, ఫీజు ఉండదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కు నేరుగా రాయకండి, విడి ఫిర్యాదులను అది తీర్చదు.

అప్పటికీ కాకపోతే, ఘటన జరిగిన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. విజయవాడ వెళ్లక్కర్లేదు, మీరు ఉండే చోటే వేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. మీరు కట్టిన రీచార్జి సొమ్మును బట్టే లెక్క కాబట్టి కోర్టు ఫీజు ఉండదు. అడిగేది మాత్రం ఆ ప్యాక్ డబ్బు, కొంత మానసిక వేదన, ఖర్చులు. వేలల్లో అడగండి, లక్షల్లో అడిగితే మిగతా నిజాన్ని కూడా నమ్మరు.

వీటన్నిటికంటే ముందు ఇంకో పని. ఆ మూడు కట్ అయిన కాల్స్ స్క్రీన్‌షాట్ జతచేసి, రైల్లో ఉన్నానని ఉన్నదున్నట్టు రాసి, ఇంటర్వ్యూ కంపెనీ హెచ్‌ఆర్‌కు మరో స్లాట్ ఇవ్వమని మెయిల్ పెట్టారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.