వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ చరిత్ర ఏంటి? సికింద్రాబాద్, ఢిల్లీ కాలేజీలకీ దీనికీ తేడా ఏంటి?

అమలాపురం నుంచి అడిగినవారి ప్రశ్న ఇదీ: బావగారు ఆర్మీలో మేజర్. స్టాఫ్ కాలేజీకి సెలెక్ట్ అయ్యి జూన్‌లో తమిళనాడు నీలగిరుల్లోని వెల్లింగ్టన్ వెళ్తున్నారు. పెద్ద ఆఫీసర్ల కాలేజీ అంటే ఇదేనా, ఎప్పుడు పుట్టింది, సికింద్రాబాద్‌లోనూ ఢిల్లీలోనూ ఉన్నవి ఏంటి, కెప్టెన్‌గా ఉన్న తమ్ముడు కూడా పరీక్ష రాయాలంటే ఏం చెయ్యాలి?

ముందు ఒక తికమక తీర్చేద్దాం. గోదావరి జిల్లాల్లో వెల్లింగ్టన్ అనగానే సగం మందికి గుర్తొచ్చేది మద్రాస్ రెజిమెంట్ సెంటర్. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, అదేనండీ మిలటరీ మాధవరం, అలాంటి ఊళ్లలో అయితే చెప్పక్కర్లేదు. ఆ రెజిమెంట్‌లో జవానుగా చేరిన కుర్రాడు డ్రిల్లూ రైఫిలూ నేర్చుకునేది ఆ సెంటర్లోనే. స్టాఫ్ కాలేజీ అదే కంటోన్మెంటులో ఉన్న వేరే సంస్థ. ఒకటి రిక్రూట్ల కోసం, రెండోది పదేళ్లో ఆపైనో సర్వీసు చేసిన ఆఫీసర్ల కోసం. సంబంధాలు మాట్లాడేటప్పుడు 'అబ్బాయి వెల్లింగ్టన్‌లో చేశాడు' అని ఎవరైనా అంటే, అక్కడ ఏం చేశాడో కాస్త అడిగి తెలుసుకోవడం మంచిది.

రెండో విషయం. వెల్లింగ్టన్ కాలేజీ అసలు పెద్ద ఆఫీసర్లది కాదు, నడిమి వరసది. ఆర్మీలో మేజర్లు, నేవీలో లెఫ్టినెంట్ కమాండర్లు, ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్లు వస్తారు. కర్నల్ అయ్యాక వెళ్లేవి వేరు, బ్రిగేడియర్ అయ్యాక వెళ్లేది వేరు. అవి ఏంటో కింద చెప్తాను. కానీ ఈ మెట్టు ఎక్కకుండా పైకి వెళ్లినవాళ్లు బాగా తక్కువ. అందుకే మీ ఇంట్లో అంత సందడి.

ఇక చరిత్ర. అసలు స్టాఫ్ ఆఫీసర్ ఎందుకు? బెటాలియన్‌ని నడిపే కర్నల్‌కి తన మనుషులంతా ముఖం చూసి తెలుస్తారు. బ్రిగేడో డివిజనో నడిపే జనరల్‌కి అది కుదరదు. వేల మంది, వందల బళ్లు, తూటాలు, రేషన్, గాయపడ్డవాళ్లని వెనక్కి తేవడం, ఇదంతా కాగితం మీద లెక్కవేసి, జనరల్ నిర్ణయాన్ని అందరికీ అర్థమయ్యే ఆర్డర్‌గా రాసి, అది జరిగిందో లేదో చూసే మనిషి కావాలి. ఆ పని ధైర్యంతో రాదు, నేర్చుకుంటేనే వస్తుంది. బ్రిటిష్‌వాళ్లకి ఆ బడి ఇంగ్లండులోని కాంబర్లీలో ఉండేది. ఇండియన్ ఆర్మీలో పనిచేసే ఆఫీసర్లకి అక్కడ దొరికే సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దక్షిణాఫ్రికాలో 1899 నుంచి 1902 దాకా జరిగిన బోయర్ యుద్ధంలో స్టాఫ్ పని ఎంత బలహీనంగా ఉందో బయటపడింది. ఆ యుద్ధం చూసి వచ్చి ఇక్కడ కమాండర్ ఇన్ చీఫ్ అయిన కిచెనర్ మనకంటూ ఒక కాలేజీ ఉండాలని పట్టుబట్టాడు. 1905లో నాసిక్ దగ్గర దేవలాలీలో తాత్కాలికంగా మొదలుపెట్టి, 1907లో క్వెట్టాకి మార్చారు. అప్పటి వాళ్ల భయమంతా వాయవ్య సరిహద్దు మీద, ఆ వెనక రష్యా మీద. అందుకే కాలేజీ కూడా ఆ కొండల్లోనే.

క్వెట్టాలో మామూలు రోజుల్లో కోర్సు రెండేళ్లు. రెండో ప్రపంచయుద్ధంలో ఆఫీసర్లు కావలసి వచ్చి నెలల్లోకి కుదించారు. ఆ తర్వాత రెండేళ్ల కోర్సు మళ్లీ రాలేదు. భారతీయుల్లో అక్కడ మొదట చదివింది, తర్వాత మన ఆర్మీకి మొదటి భారతీయ అధిపతి అయిన కరియప్ప, 1933లో. కాలేజీ పుట్టిన పాతికేళ్లు దాటాక అన్నమాట! ఆర్మీని భారతీయుల చేతికి ఇవ్వడంలో తెల్లదొరలు ఎంత నెమ్మదిగా నడిచారో ఈ ఒక్క తేదీ చూస్తే చాలు. 1935 మే 31 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో క్వెట్టా ఊరు నేలమట్టమైంది, కాలేజీ మాత్రం నిలిచింది. ఆ రోజుల్లో అక్కడ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఎవరనుకున్నారు? తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో ఈజిప్టులోని ఎల్ అలమైన్‌లో గెలిచిన బ్రిటిష్ సేనాని మాంట్‌గొమరీ.

1947లో క్వెట్టా పాకిస్తాన్‌కి వెళ్లిపోయింది. వాళ్ల కమాండ్ అండ్ స్టాఫ్ కాలేజీ ఇప్పటికీ అక్కడే. మన వాటాకి వచ్చిన ఇన్‌స్ట్రక్టర్లు, విద్యార్థులు ఇటు వచ్చేశారు, కానీ బడికి గోడలు లేవు. కర్నల్‌గా క్వెట్టాలో బోధించి, మన కాలేజీకి మొదటి కమాండెంట్ అయిన ఎస్.డి. వర్మ వెతికి వెతికి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌ని ఎంచుకున్నారు. 1850ల నుంచీ కంటోన్మెంటు ఉన్న చోటు, బారకులు సిద్ధంగా ఉన్నాయి, ఆరు వేల అడుగుల ఎత్తులో చల్లదనం. 1948 ఏప్రిల్‌లో మొదటి కోర్సు మొదలైపోయింది. దేశం రెండు ముక్కలై, కశ్మీర్‌లో యుద్ధం నడుస్తుండగా ఎనిమిది నెలల్లో కాలేజీ నిలబెట్టడం అంటే మాటలు కాదు. చాలామంది ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకైతే ఈ చరిత్ర మొత్తంలో మెచ్చుకోవలసింది ఇదే.

తర్వాత ఏడేళ్లపాటు, 1955 దాకా, కమాండెంట్‌గా ఉన్నది లెంటెయిన్ అనే ఐరిష్ జనరల్. రెండో ప్రపంచయుద్ధంలో బర్మాలో జపాన్ సైన్యం వెనక దిగి పోరాడిన చిండిట్ దళాన్ని, దాని నాయకుడు వింగేట్ చనిపోయాక నడిపినవాడు ఆయనే. స్వతంత్రం వచ్చాక కూడా బ్రిటిష్ మనిషా అని ఇప్పుడు ఆశ్చర్యపోతాం గానీ, ఆ రోజుల్లో పైస్థాయి అనుభవం ఉన్న మన ఆఫీసర్లు చాలా కొద్దిమంది. 1950 నాటికి ఎయిర్‌ఫోర్స్, నేవీ కూడా చేరి ఇది డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీ అయింది. చాలా దేశాల్లో మూడు దళాలకీ వేర్వేరు స్టాఫ్ కాలేజీలు ఉన్న కాలంలోనే మనవాళ్లు ఒకే కప్పు కింద కూర్చున్నారు. దానికి కారణం దూరదృష్టి ఎంతో, డబ్బుల కొరతా అంతే అనుకోవచ్చు.

1971 యుద్ధంలో ఆర్మీ చీఫ్‌గా ఉన్న మానెక్‌షా కూడా అంతకు ముందు ఇక్కడ కమాండెంట్‌గా చేశారు. ఆయన మీద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే సైనిక విచారణ, నడిచింది ఇక్కడ ఉన్నప్పుడే. మచ్చ లేకుండా బయటపడ్డారు, 1962 చైనా యుద్ధం దెబ్బ తగిలాక ఈశాన్య సరిహద్దు చూసే 4 కోర్‌ని నడపడానికి పంపారు, మిగతాది అందరికీ తెలిసిందే. రిటైరయ్యాక వెల్లింగ్టన్ పక్కనే ఉన్న కూనూరులోనే స్థిరపడ్డారు. 2008 జూన్ 27న కన్నుమూసింది వెల్లింగ్టన్ మిలటరీ హాస్పిటల్లో. 2021 డిసెంబర్ 8న అప్పటి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ జనరల్ బిపిన్ రావత్ హెలికాప్టర్ కూనూరు దగ్గర కూలినప్పుడు ఆయన బయల్దేరింది ఈ కాలేజీలో మాట్లాడటానికే. అప్పటి మన చిత్తూరు జిల్లా జవాను సాయితేజ కూడా అందులోనే పోయాడు. మన టీవీల్లో ఈ కాలేజీ పేరు అంతగా వినపడింది అప్పుడే.

కాలేజీ గుర్తు గుడ్లగూబ, కింద 'యుద్ధం ప్రజ్ఞయా' అని ఉంటుంది. బావగారు గుడ్లగూబ బొమ్మ ఉన్న టై కట్టుకుని ఇంటికొస్తే అమ్మమ్మగారు శాంతి చేయించాలని పట్టుబడతారేమో, ముందే చెప్పి ఉంచండి!

ఇక అక్కడ ఏం చేయిస్తారు? కోర్సు దాదాపు 45 వారాలు, జూన్ నుంచి ఏప్రిల్ దాకా. కొద్దిమందిని ఒక సిండికేట్‌గా కూర్చోబెట్టి, వాళ్ల మీద డీఎస్ (డైరెక్టింగ్ స్టాఫ్) అనే ఇన్‌స్ట్రక్టర్‌ని పెడతారు. సమస్య ఇస్తారు, మ్యాప్ ఇస్తారు, గడువు ఇస్తారు. ఇసుక నమూనా మీదా, దళాలు లేకుండా నేల మీదా, వార్ గేమ్‌లోనూ అదే పని. చివర్న డీఎస్ తరఫు జవాబు వస్తుంది, దాన్ని పింక్ అంటారు. పింక్ ఒక్కటే సరైనదని కాదు. కానీ పింక్‌కి దూరంగా వెళ్లినవాడు ఎందుకు వెళ్లాడో నిలబడి చెప్పగలగాలి. డిసర్టేషన్ కూడా రాస్తే మద్రాస్ విశ్వవిద్యాలయం నుంచి ఎమ్మెస్సీ పట్టా వస్తుంది.

అన్నిటికీ వెన్నెముక అప్రిసియేషన్ అనే పద్ధతి: ఏం సాధించాలి, ఏయే పరిస్థితులు అడ్డొస్తాయి, ఎన్ని దారులున్నాయి, ఏది ఎందుకు ఎంచుకున్నాం, ప్లాన్ ఏంటి. యుద్ధం లెక్కలు వదిలేసి, మనకి తెలిసిన నేల మీద ఊహించి చూపిస్తాను.

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. మూడోదానికి బ్యారేజీ నుంచి దిగేది 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో అయితే 35 లక్షలు దాటింది. రెండో హెచ్చరిక వచ్చింది, భద్రాచలంలో నీరు ఇంకా పెరుగుతోంది, ఒక లంకలో 2,400 మంది ఉన్నారు, సివిల్ అధికారులు ఆర్మీని పిలిచారనుకోండి. పడవకి 10 మంది. వెళ్లి దించి తిరిగి రావడానికి 40 నిమిషాలు. పని జరిగే వెలుతురు 8 గంటలు. ఒక పడవ 12 ట్రిప్పులు వేస్తుంది, అంటే 120 మంది. కాబట్టి 20 పడవలు. ఇంజన్ చెడిపోయేవాటి కోసం ఇంకో 5 కలిపి 25 అడుగుదాం. కొత్తగా వచ్చిన ఆఫీసర్ ఇక్కడితో పెన్ను మూసేస్తాడు.

డీఎస్ అడిగే ప్రశ్న పడవల గురించి కాదు, రేవు గురించి. లంక వైపు రేవులో ఒకేసారి రెండు పడవలే ఆనగలవు, ఎక్కించడానికి ఒక్కోదానికి 5 నిమిషాలు. గంటకి 24 పడవలే కదులుతాయి. 8 గంటల్లో 192 ట్రిప్పులు, 1,920 మంది. చీకటి పడేసరికి 480 మంది లంకలోనే ఉంటారు, పడవలేమో వరసలో ఖాళీగా నిలబడతాయి. ఇంకో 10 పడవలు తెప్పించినా ఒక్క మనిషి కూడా అదనంగా దాటడు. మూడో చోటు దొరికితే గంటకి 36 పడవలు, అప్పుడు సరిపోతుంది. అంటే అడగాల్సింది పడవలు కాదు, ఇసుక బస్తాలతో మూడో రేవు కట్టే ఇంజినీర్ సెక్షన్, అదీ తెల్లవారకముందే. దించే ఒడ్డుకీ ఇదే లెక్క. ఇక గేదెల్ని వదిలి రామనే ఇంటాయన, వరద వేగానికి పడవ కిందికి కొట్టుకుపోయి 40 నిమిషాలు 55 అవడం, డీజిల్ ఎక్కడ పోయాలి, నడిపేవాళ్లకి మధ్యాహ్నం మార్పు ఎవరు, ఇవన్నీ పరిస్థితుల కిందే రాయాలి. రాసి వదిలెయ్యకూడదు, ప్రతిదానికీ 'కాబట్టి' ఉండాలి. 'ప్రవాహం వేగంగా ఉంది' అని రాస్తే మార్కు రాదు. 'వేగంగా ఉంది, కాబట్టి ఎక్కే రేవుని దిగే రేవుకి ఎగువన పెట్టాలి' అంటే వస్తుంది.

తమ్ముడి సంగతి. ఆర్మీవాళ్లకి ఏడాదికోసారి పోటీ పరీక్ష. రెండు టాక్టిక్స్ (యుద్ధ ఎత్తుగడల) పేపర్లు, మిలటరీ హిస్టరీ, మిలటరీ లా, అడ్మినిస్ట్రేషన్ అండ్ మొరేల్, కరెంట్ అఫైర్స్, సైన్స్ అండ్ మిలటరీ టెక్నాలజీ. టెక్నికల్ స్టాఫ్ కోర్సుకి వెళ్లేవాళ్లని పుణెలోని గిరినగర్‌కి పంపుతారు. మేజర్ నుంచి పైకి వెళ్లే పార్ట్ డి ప్రమోషన్ పరీక్ష ముందే గట్టెక్కాలి, కాబట్టి ఇప్పుడు అతని దృష్టి దాని మీద ఉండాలి. 2022లో ఆర్మీ మహిళా ఆఫీసర్లు మొదటిసారి ఈ పరీక్ష నెగ్గారు, మీ ఇంట్లో ఆడపిల్లలకి కూడా చెప్పండి.

ఈ పరీక్షలో బోల్తా పడేది తెలివి తక్కువై కాదు, చేత్తో రాసే వేగం లేక. రోజూ కంప్యూటర్ మీద టైప్ చేసే చెయ్యి మూడు గంటలు ఆగకుండా రాయలేదు. టాక్టిక్స్‌లో మ్యాప్ మీద గుర్తులు పెట్టడానికే బోలెడు సమయం పోతుంది, చివరి ప్రశ్న ముట్టుకోకుండా వదిలేస్తారు. పరీక్షకి ఆరు నెలల ముందు నుంచీ వారానికి ఒక పూర్తి పేపర్ గడియారం పెట్టుకుని రాయాలి. హిస్టరీలో కథ మొత్తం చెప్పేసి, అడిగిన పాఠం ఏంటో చెప్పకుండా ముగించడం ఇంకో తప్పు. హై ఆల్టిట్యూడ్ పోస్టింగ్‌లో ఉంటే పుస్తకాలు ముందే పంపించుకోవాలి.

ఇప్పుడు పెద్ద ఆఫీసర్లవి, గబగబా. ఢిల్లీలోని నేషనల్ డిఫెన్స్ కాలేజీ 1960 ఏప్రిల్ 27న నెహ్రూ చేతుల మీదుగా మొదలైంది, లండన్‌లో 1927 నాటి ఇంపీరియల్ డిఫెన్స్ కాలేజీ నమూనాలో. బ్రిగేడియర్లు, వాళ్ల పక్కనే ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్ఎస్ అధికారులు, విదేశీ ఆఫీసర్లు కూర్చుంటారు. పరీక్ష లేదు, ప్రభుత్వమే ఎంపిక చేస్తుంది. 47 వారాలపాటు అక్కడ రేవుల లెక్కలుండవు, దేశం డబ్బు, విదేశాంగం, టెక్నాలజీ. సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ 1970లో ఇన్‌స్టిట్యూట్‌గా పుట్టి 1980లో కాలేజీ అయింది. కర్నల్ స్థాయివాళ్లకి నిర్వహణ, కొనుగోళ్లు, వనరుల లెక్కలు నేర్పుతుంది, ఉస్మానియా పట్టా ఇస్తుంది. అదే సికింద్రాబాద్‌లో ఎయిర్ వార్‌ఫేర్ కాలేజీ వేరే ఉంది, రెంటినీ కలపకండి. మధ్యప్రదేశ్‌లో మౌ అనే ఊళ్లోని ఆర్మీ వార్ కాలేజీ 1971లో కాలేజ్ ఆఫ్ కాంబాట్‌గా మొదలై 2003లో పేరు మారింది. అక్కడి హయ్యర్ కమాండ్ కోర్సూ కర్నల్స్‌దే. బావగారికి సికింద్రాబాద్ గానీ మౌ గానీ రావాలంటే వెల్లింగ్టన్ తర్వాత కర్నల్ ప్రమోషన్ బోర్డు దాటి, బెటాలియన్ నడపాలి.

కుటుంబంతో వెళ్తారు కాబట్టి ఒక మాట. జూన్‌లో మనం ఉక్కపోతతో అల్లాడుతుంటే అక్కడ స్వెట్టర్ వేసుకోవాలి, వానకి బట్టలు ఆరవు, బీరువాలో బూజు పడుతుంది. రాజమండ్రిలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బండి మారకుండా కోయంబత్తూరులో దిగొచ్చు. అక్కడి నుంచి మేట్టుపాళయం మీదుగా ఘాట్ రోడ్డు. కొండ రైలుకి కూనూరు తర్వాతి స్టేషన్ వెల్లింగ్టనే. కానీ ఏడాది సామానుతో ఆ చిన్న పెట్టెల్లో ఎక్కే ఆలోచన పెట్టుకోవద్దు, కారే మేలు.