ముందు స్లాబు, తర్వాతే సోలార్

న్యూజెర్సీకి కొత్తగా వచ్చి, జీతం కాస్త కుదురుకోగానే మన తిరుపతి, చిత్తూరు పిల్లలు నన్ను అడిగే మాట ఒకటుంది. "అన్నా, ఇంటి మీద సోలార్ పెట్టిస్తే అమ్మావాళ్లకు కరెంటు బిల్లు బాధ ఉండదు. ఎవరికి చెప్పమంటావు?" మంచి ఆలోచనే. కానీ ఇల్లు ఎప్పుడు కట్టారు, స్లాబు ఎలా ఉంది, ముందు అది చెప్పండి.

తిరుపతిలో మా ఇంటి స్లాబు 1986లో వేసింది. నేను ఇక్కణ్ణుంచి ఫోన్లోనే మాట్లాడి 3 కిలోవాట్లు పెట్టించాను. నాయన వీడియోలో చూపిస్తే మిద్దె పైన నున్నగానే కనబడింది. పెట్టినవాళ్లు స్టాండు కాళ్ల కోసం స్లాబులోకే డ్రిల్లు వేసి, బోల్టులు బిగించి పోయారు. ఎండాకాలమంతా బిల్లు చూసి నాయన మురిసిపోయాడు. నవంబరు వానలకు దేవుడి గది పైకప్పులో గుండ్రంగా చెమ్మ దిగింది. వారం తిరక్కుండానే అరచేయంత పెచ్చు ఊడి దీపం కుందుల పక్కన పడింది. లోపలి కడ్డీ తుప్పు పట్టి పొరలుగా రాలుతోంది. రోజూ దీపం పెట్టే వేళకు అమ్మ కూర్చునే చోటు అది. ప్యానెళ్లన్నీ దింపి, స్లాబు బాగుచేయించి, మళ్లీ ఎక్కించేదాకా నాకు ఇక్కడ నిద్ర లేదు.

అందరూ బరువుకే భయపడతారు. స్టాండుతో కలిపినా చదరపు మీటరుకు 15 నుంచి 20 కిలోలే. గట్టి స్లాబుకు అదొక లెక్క కాదు. అసలు భయం గాలి, నీళ్లు. వాయుగుండం పట్టినప్పుడు గాలి ప్యానెల్ కింద దూరి పైకి లాగుతుంది, ఆ లాగుడంతా బోల్టుల మీదే. బోల్టు పక్క సందులోంచి దిగిన నీళ్లు కడ్డీకి చేరితే తుప్పు, తుప్పు ఉబ్బితే పెచ్చులు.

అందుకే స్లాబును పైనుంచి కాదు, ఇంట్లోంచి చూడమనండి. నమ్మకమైన మేస్త్రీని పిలిచి, సుత్తితో గది గదిలో పైకప్పు మెల్లగా తట్టించండి. ఖంగుమంటే సరే, డొల్లగా మోగితే అక్కడ లోపల విడిపోయినట్టే. వంటిల్లు, బాత్రూము మూలలు, వాటర్ ట్యాంకు కింద భాగం వదలకండి. ముప్పై ఏళ్లు దాటిన ఇల్లయితే స్ట్రక్చరల్ ఇంజనీరుకిచ్చే ఫీజుకు వెనకాడకండి. టేకు దూలాలు, సున్నం వేసిన పాత మిద్దె అయితే ఆయన సరేననకుండా అసలు ముట్టుకోకండి. ఇక్కడ అమెరికాలో కూడా ఇంటి షింగిల్ కప్పు (తారు పలకలు పరిచిన కప్పు) పాతబడితే మార్చాకే ప్యానెళ్లు వేస్తారు కదా. ప్యానెల్ పాతికేళ్లు ఉండేది, కింద స్లాబు కూడా అన్నాళ్లు నిలవాలి.

బాగుచేయించి, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాకే స్టాండు. కాళ్లు వీలైనంతవరకు గోడలు, బీముల మీదకే రావాలి. డ్రిల్లు వద్దనుకుంటే కాంక్రీటు దిమ్మెలు పెట్టించవచ్చు, అయితే ఆ దిమ్మెల బరువు వేరే లెక్క, అదీ ఇంజనీరే చెప్పాలి. ప్యానెళ్లు దక్షిణానికి, పదిహేను డిగ్రీల లోపు వాలు చాలు. ఇక్కడి ఇళ్ల మీద చూసేంత వాలు మన ఎండకు అక్కర్లేదు. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి.

2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే కరెంటు సరఫరా చేసే ఎస్పీడీసీఎల్‌లో పేరు మార్పించాకే దరఖాస్తు చేయించండి. బ్యాటరీ లేని సిస్టమ్ అయితే కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుందని పెద్దవాళ్లకు ముందే చెప్పండి, పాడైందని టెన్షన్ పడతారు.

సంక్రాంతికి ఊరికి వెళ్తుంటే అప్పుడే స్లాబు చూపించి రండి. ఫిబ్రవరి నుంచి మే దాకా మిద్దె బాగా ఎండి ఉంటుంది, రిపేరు పనికి అదే అదను.