టెక్ సందేహాలు: పుస్తకాల దొంతర మీద ఫోను, కింద తెల్లకాగితం

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం కాలేజీ లెక్చరర్లవే. కొన్ని పేపర్లు ఆన్‌లైన్‌లో చెప్పమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం వాళ్లకే. అందరికీ కలిపి ముందే ఒక మాట చెబుతాను. మీ క్లాసులో అందరికన్నా పాత ఫోను ఎవరి దగ్గరుందో కనుక్కోండి. ఆ ఫోనులో నడిచేదే వాడండి.

ప్రశ్న: ఇరవై ఏడేళ్లుగా డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. సుద్దముక్క చేతిలో లేకపోతే నాకు పాఠం నడవదు. స్లైడ్లలో చూపిస్తే పిల్లలకు ఎక్కడం లేదు. డిజిటల్ పెన్ను, ట్యాబ్లెట్ కొనమంటున్నారు. కొనాలా?
– లెక్కల లెక్చరర్, నర్సీపట్నం

ఇప్పుడే కొనకండి, మాస్టారూ. స్లైడులో లెక్క ఎందుకు ఎక్కదంటే, అక్కడ ఎనిమిది లైన్లూ ఒక్కసారే వచ్చి పడతాయి. బోర్డు దగ్గరైతే మీ చెయ్యి ఒక్కో మెట్టూ వేస్తుంటే పిల్లవాడి బుర్ర దాని వెనకాలే నడుస్తుంది. మీరు ఎక్కడ ఆగారో, ఏది కొట్టేసి మళ్లీ రాశారో, అది కూడా వాడికి పాఠమే. ఆన్‌లైన్‌కి వచ్చామని దాన్ని వదులుకోకూడదు.

బల్ల మీద లావుపాటి పుస్తకాలు అడుగు ఎత్తున పేర్చండి. కెమెరా ఉన్న భాగం అంచు దాటి బయటికి వచ్చేలా పైన ఫోను పెట్టి, రెండో సగం మీద ఇంకో పుస్తకం బరువుగా ఉంచండి. కింద గీతల్లేని తెల్లకాగితం. బాల్ పెన్ను గీత సన్నం, చిన్న తెర మీద కనపడదు. నల్ల స్కెచ్ పెన్ను వాడండి. కుడిచేత్తో రాసేవాళ్లయితే వెలుగు ఎడమవైపు నుంచి రావాలి. లేకపోతే చేతి నీడ సరిగ్గా రాస్తున్న చోటే పడుతుంది.

ల్యాప్‌టాప్‌లో మామూలుగా మీటింగ్ మొదలుపెట్టి, ఫోనులో ఇంకో జీమెయిల్‌తో అదే మీటింగ్‌లో చేరి వెనక కెమెరా ఆన్ చేయండి. ఫోను మైకు ఆపేసి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. ఒకే గదిలో రెండు మైకులూ రెండు స్పీకర్లూ తెరిచి ఉంటే చెవులు గింగురుమనే కీచుశబ్దం వస్తుంది. ఫోను వీడియోను పిన్ చేసుకోమని, అంటే తెర మీద పెద్దగా నిలుపుకోమని పిల్లలకు చెప్పండి. మధ్యలో కాల్స్ రాకుండా డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి. ల్యాప్‌టాప్ కెమెరాకు కాగితం చూపిస్తే అక్షరాలు తిరగబడి కనిపిస్తాయని ఇద్దరు ముగ్గురు రాశారు. కంగారు పడకండి, అద్దంలోలా అలా కనిపించేది మీ తెర మీద మాత్రమే. పిల్లలకు సరిగ్గానే కనిపిస్తుంది.

క్లాసు అయ్యాక ఆ కాగితాలన్నీ గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్కాన్ చేస్తే ఒక్క పీడీఎఫ్ అవుతుంది. గ్రూపులో పెట్టేయండి, నోట్స్ అదే. ఇంకొకటి: ఉచిత జూమ్ మీటింగ్ 40 నిమిషాలకు, ముగ్గురు అంతకు మించి ఉన్న ఉచిత గూగుల్ మీట్ 60 నిమిషాలకు ఆగిపోతాయి. సగం లెక్కలో తెగిపోతే పిల్లలకూ మీకూ చిరాకు. 35 నిమిషాల పాఠంగా తయారుచేసుకోండి. ఆన్‌లైన్‌లో బోర్డులా రాసుకునే జామ్‌బోర్డ్ గురించి కూడా కొందరు అడిగారు. గూగుల్ దాన్ని 2024 చివర్లో ఆపేసింది.

ప్రశ్న: 60 మంది చేరతారు. అరగంట తిరిగేసరికి 20 మంది మిగులుతారు. అడిగితే "డేటా అయిపోయింది మేడమ్" అంటారు. నమ్మాలా?
– కామర్స్ లెక్చరర్, ఉట్నూరు

నమ్మండి, మేడమ్. లెక్క వేసి చూద్దాం. వీడియో సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వస్తుందనుకుంటే గంటకు 450 ఎంబీ. మూడు పీరియడ్లకు 1,350 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేసుకున్న అమ్మాయికి మధ్యాహ్నానికే డేటా అడుగంటుతుంది. ఆ ఇంట్లో తమ్ముడు కూడా అదే ఫోనులో చదువుకుంటుంటే ఇక చెప్పేదేముంది. కెమెరా ఆన్ చేయలేదని అటెండెన్స్ తీసేసే పద్ధతి కొన్ని చోట్ల ఉందని విన్నాను. దయచేసి అలా చేయకండి. వెనక గోడ చూపించడం ఇష్టం లేని పిల్లలు చాలామంది ఉంటారు.

మాటకు డేటా చాలా తక్కువ పడుతుంది. సెకనుకు 48 కిలోబిట్ల నాణ్యతలో రికార్డు చేసిన 10 నిమిషాల ఆడియో 3.6 ఎంబీ మాత్రమే. గొంతు స్పష్టంగా వినపడటానికి అది చాలు. కాబట్టి పాఠాన్ని పదేసి నిమిషాల ముక్కలు చేయండి. ఒక్కో ముక్కకు ఒక ఆడియో, రెండు మూడు పేజీల పీడీఎఫ్. ఆడియోలో "ఇప్పుడు రెండో పేజీలో లెడ్జర్ చూడండి" అని పేజీ పేరు పెట్టి చెప్పండి, పిల్లలు వెతుక్కోనక్కర్లేదు. ముందురోజు రాత్రే వాట్సాప్‌లో పంపితే సిగ్నల్ ఉన్నప్పుడు దించుకుంటారు. మర్నాడు లైవ్ క్లాసు 20 నిమిషాలే, వీడియో ఆపేసి, సందేహాలకు మాత్రమే.

ఇది తక్కువ రకం ఏర్పాటని అనుకోకండి. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ‘స్వయం’ ఆన్‌లైన్ కోర్సుల్లో నాలుగు భాగాలుంటాయి: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, చర్చా వేదిక. మీ ఆడియో, పీడీఎఫ్, గూగుల్ ఫారమ్‌లో అయిదు ప్రశ్నలు, వాట్సాప్ గ్రూపు కలిపితే మీ దగ్గరా ఆ నాలుగూ ఉన్నట్టే.

ప్రశ్న: జూమ్‌లో వీణ నేర్పుతున్నాను. శ్రుతి పెట్టె శబ్దం పిల్లలకు ఒక క్షణం వినిపించి మాయమవుతోందట. తీగ మీటాక చివరి నాదం కూడా తెగిపోతోంది. నెట్ మార్చినా అంతే.
– సంగీత అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

నెట్ తప్పు కాదమ్మా. ఇలాంటి యాప్‌లు మాట కోసం తయారయ్యాయి. ఫ్యాను చప్పుడులా ఆగకుండా ఒకే తీరుగా వచ్చే ధ్వనిని రొద అనుకుని తీసేస్తాయి. శ్రుతి అంటేనే ఆగకుండా ఒకే తీరుగా వచ్చే ధ్వని కదా! జూమ్ సెట్టింగ్స్‌లో ఆడియోలోకి వెళ్లి ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ ఎంచుకోండి. మీటింగ్ మొదలయ్యాక తెర పైభాగంలో దాని బటన్ కనిపిస్తుంది, అదీ ఆన్ చేయాలి. చాలామంది ఈ రెండోది మరచిపోతారు. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

శిష్యులతో కలిసి వాయించే ప్రయత్నం మాత్రం వద్దు. శబ్దం అటు వెళ్లి ఇటు వచ్చేసరికి తాళం తప్పుతుంది, దానికి ఏ సెట్టింగూ లేదు. మీరు వాయిస్తుంటే అమ్మాయి తన మైకు ఆపుకుని మీతో పాటు వాయించాలి. గమకం సరిగ్గా పలికిందో లేదో చూడాలంటే ఫోనులో రికార్డు చేసి పంపమనండి. లైవ్‌లో కన్నా అందులోనే మీకు బాగా తెలుస్తుంది.

ప్రశ్న: అనూ ఫాంట్లలో టైపు చేసిన పదిహేనేళ్ల నోట్స్ ఉంది. గూగుల్ క్లాస్‌రూమ్‌లో పెడితే పిల్లల ఫోన్లలో పిచ్చి గుర్తులు వస్తున్నాయి.
– తెలుగు లెక్చరర్, జనగామ

అనూలో ఫైలు లోపల దాగి ఉండేవి తెలుగు అక్షరాలు కావండి. ఇంగ్లిష్ గుర్తుల కోడ్‌లకు ఫాంటు తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంటు లేని ఫోనులో ఆ గుర్తులే బయటపడతాయి. రేపటి క్లాసుకు కావాలంటే, మీ కంప్యూటర్‌లోనే పీడీఎఫ్‌గా మార్చి పంపండి, ఫాంటు కూడా అందులో చేరుతుంది.

కానీ ఆ పీడీఎఫ్‌లో వెతకలేరు, కాపీ చేసుకోలేరు. పదిహేనేళ్ల శ్రమ నిలవాలంటే యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపించే అక్షరాల్లోకి మార్చాలి. పేజీని బొమ్మగా, అంటే జేపీజీగా సేవ్ చేసి డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని అక్షరాలను చదివి కింద యూనికోడ్‌లో ఇస్తుంది. పీడీఎఫ్‌నే తెరిస్తే పాత గుర్తులే వచ్చే అవకాశం ఉంది, అందుకే బొమ్మ. ఒత్తులు, అరసున్నలు, పద్యాల్లో పాదవిభజన మీరు కచ్చితంగా సరిచూసుకోవాలి.

ప్రశ్న: మా విభాగంలో 14 మంది. ఒకరోజు వర్క్‌షాప్ పెట్టి అన్ని టూల్సూ నేర్పిద్దామనుకుంటున్నాం. జాబితా ఇవ్వగలరా?
– విభాగాధిపతి, నంద్యాల

జాబితా ఇవ్వను సార్. 2020 జూన్‌లో మా పక్కింటి ఫిజిక్స్ లెక్చరర్ గారి దగ్గర కూర్చున్నాను. అంతకుముందు రోజే ఆయన ఆరు గంటల శిక్షణ విన్నారు, నోటుపుస్తకం నిండా రాసుకున్నారు. క్లాసు మొదలయ్యేసరికి పిల్లలు బయట వేచి ఉన్నారని తెర మీద వరసగా పేర్లు వస్తుంటే, లోపలికి రానిచ్చే బటన్ మీద ఆయన వేలు వణికింది. ఎంట్రోపీని ఎడమచేత్తో వివరించగలిగిన మనిషి! ఆ పేర్లను నేను రానిస్తుంటే, రెండో నిమిషానికల్లా ఆయన తన గొంతులోకి వచ్చేశారు.

అందుకే ఆ ఒకరోజును పద్నాలుగు ముక్కలు చేయండి. ఒక్కొక్కరికీ అరగంట, తన సొంత పాఠంతో, ఖాళీ తరగతి గదిలో, విద్యార్థిగా ఇంకో ఫోను ఎదురుగా పెట్టుకుని. అందరికీ ఒకే యాప్. మొదటి వారం ప్రతి క్లాసులో ల్యాబ్ అసిస్టెంటో, ఒక పీజీ విద్యార్థో పక్కన ఉండి చాట్ చూడాలి, పేర్లు రానివ్వాలి, "సార్, మైకు ఆఫ్‌లో ఉంది" అని చెప్పాలి. స్టాఫ్ రూములో రెండు వైర్ హెడ్‌సెట్లు, ఒక చార్జరు ఎప్పుడూ అదనంగా ఉంచండి. ఆ విద్యార్థికి గంటకింత అని ఏదైనా ఇవ్వడానికి ప్రిన్సిపాల్ గారిని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.