నిమోనియా ఉన్న బాబుకు మర్దన చేయించొచ్చా?

అమ్మా, మీ 14 నెలల బాబుకు నిమోనియా అని డాక్టర్ యాంటీబయాటిక్ రాశారు, అత్తగారేమో మర్దన చేసే ఆమెను పిలిపిస్తే కఫం కరుగుతుందంటున్నారు, ఏం చేయాలో తోచట్లేదన్నారు కదా. ముందు మందు. జ్వరం తగ్గినా సరే, డాక్టర్ చెప్పినన్ని రోజులూ వేయాల్సిందే.

మర్దనతో ఊపిరితిత్తుల్లోని ఇన్ఫెక్షన్ పోదు. చైనాలో ట్వీనా అనే మసాజ్‌ను పిల్లలకు మందులతో పాటు చేస్తారు, దాని మీద పరిశోధనలు ఉన్నాయి గానీ నమ్మి చేయించేంత గట్టివి కావు. వీపు తట్టే ఫిజియోథెరపీ వల్ల కూడా పిల్లలు త్వరగా కోలుకుంటారని రుజువు కాలేదు. అత్తగారిది ప్రేమే, కాదనను. బాబు స్థిమితంగా ఉంటే కాళ్లూ చేతులూ మెల్లగా నిమరమనండి, హాయిగా నిద్రపోతాడు. కానీ ఛాతీ గట్టిగా నొక్కడం, తలకిందులుగా పట్టి ఊపడం, ముఖ్యంగా ముక్కులో నూనె చుక్కలు వేయడం అస్సలు ఒప్పుకోకండి, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే దానివల్లే ఇంకో రకం నిమోనియా వస్తుంది.

బాబు నిద్రలో ఉన్నప్పుడు నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టండి. ఏడాది దాటిన పిల్లలకు 40, ఆపైన ఉంటే వేగంగా ఉన్నట్టే. మందు మొదలుపెట్టి రెండు రోజులైనా తగ్గకపోతే మళ్లీ చూపించండి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా హైదరాబాద్‌లోని నిలోఫర్ పిల్లల ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.