పాపకు నాలుగేళ్లు, బాబుకు ఏడాదిన్నర: నెలకు 8 వేలు ఎక్కడ దాచాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటారు, ఖర్చులు పోను నెలకు 8 వేలు మిగులుతోంది. మామగారికి తెలిసిన ఏజెంటు ఏడాదికి 48 వేల చొప్పున 15 ఏళ్లు కట్టమంటున్నారు, ఇరవయ్యో ఏట 14 లక్షల 40 వేలు వస్తుందట. అత్తగారు బంగారం కొనమంటున్నారు. మీవారు అమరావతి వైపు స్థలం అంటున్నారు. ఏది మేలు అని అడిగారు.

మాది గుంటూరు. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను, మావారు యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. పెద్దది ఇంజినీరింగ్ రెండో ఏడు, చిన్నవాడు వచ్చే మార్చిలో పదో తరగతి పరీక్షలు రాస్తాడు. మీ ఇంట్లో చెబుతున్న మూడు పనులూ మేం చేశాం. మీ ఇంట్లో ఎవరూ చెప్పని చీటీ కూడా వేశాం. నలుగురి లెక్కలు రాసే దాన్ని, మా ఇంటి లెక్క మాత్రం చాలా ఏళ్లు సరిగ్గా వేసుకోలేదు.

ముందు పాలసీ సంగతి. మా పాప పుట్టిన మరుసటి ఏడు మావారి పెదనాన్నగారి అల్లుడు ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, పిల్ల పేరు మీద పాలసీ రాసేశాడు. ఏడాదికి 18 వేలు. కాదంటే బాగుండదని సంతకం పెట్టాం. యార్డు ఆదాయం సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఫిబ్రవరి నుంచి వేసవి సెలవుల దాకా చేతిలో డబ్బు ఆడుతుంది, ఆ తర్వాత జీతం తప్ప ఏమీ ఉండదు. మా ప్రీమియం గడువు నవంబరు. నాలుగేళ్లు ఎలాగో కట్టాం, ఐదో ఏడు సీజన్ దెబ్బతిని కట్టలేకపోయాం. సరెండర్ చేస్తే, అంటే పాలసీ మధ్యలోనే వదిలేసి డబ్బు వెనక్కి అడిగితే, కట్టిన 72 వేలకు చేతికొచ్చింది 19 వేల చిల్లర. పాలసీ రాసినాయనేమీ అబద్ధం చెప్పలేదు, అన్నీ కాగితంలోనే ఉన్నాయి. మేమే చదవలేదు. ఇప్పుడు సరెండర్ రూల్స్ అప్పటికంటే నయం, 2024 అక్టోబరు నుంచి మారాయి. అయినా మధ్యలో ఆపితే నష్టమే.

మీ ఏజెంటు చెప్పిన లెక్క నేను కూర్చుని వేశాను. 15 ఏళ్లలో మీరు కట్టేది 7 లక్షల 20 వేలు, వచ్చేది 14 లక్షల 40 వేలు. "డబుల్ అవుతుందమ్మా" అని చెప్పి ఉంటారు. నిజమే, కానీ ఇరవై ఏళ్లకు. వడ్డీ కింద తిప్పి చూస్తే ఏడాదికి 5 శాతానికి కాస్త పైన పడుతుంది, అంతే. అదే 48 వేలు ప్రతి ఏప్రిల్ మొదట్లో సుకన్యలో, అంటే ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు ఖాతాలో, వేస్తే, ఇప్పటి 8.2 శాతం అలాగే ఉంటుందనుకుంటే, ఇరవయ్యో ఏటికి 21 లక్షలు దాటుతుంది. తేడా దాదాపు 7 లక్షలు. పిల్లల పాలసీలో ఒక మంచి మాట ఉంది: తండ్రికి ఏమైనా అయితే మిగతా ప్రీమియాలు కంపెనీయే కట్టుకుంటుంది, ఆ పాలసీలో ఆ సదుపాయం ఉంటే. కానీ ఆ భయానికి సరైన మందు వేరే ఉంది. మీవారి పేరు మీద, మీరూ సంపాదిస్తుంటే మీ పేరు మీద కూడా, టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి, అంటే గడువు లోపల మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా. మనిషి బాగుంటే పైసా తిరిగి రాదు, అందుకే మనవాళ్లకు నచ్చదు. మావారికి 50 లక్షలకు తీసుకున్న రోజు మా అత్తగారు రెండ్రోజులు మాతో మాట్లాడలేదు, అపశకునం అని. వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు కాబట్టి ఆ భారం కూడా లేదు.

స్థలం గురించి మీవారితో గొడవ పడకండి, ఆయన చెప్పేదాంట్లో తప్పు లేదు. మేం 2016లో తాడికొండ రోడ్డులో 150 గజాలు కొన్నాం, పాప చదువుకని. రాజధాని వేడి మీద ఉన్న రోజులవి, ప్రతి టీ కొట్టు దగ్గరా ఒక బ్రోకరు ఉండేవాడు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అడిగేవాడు లేడు. 2022లో పాప ఇంటర్‌లో చేరినప్పుడు అమ్ముదామని చూస్తే, కొన్న ధరకు కూడా బేరం రాలేదు. మా దగ్గర స్థలం ఉంది, ఫీజుకు డబ్బు లేదు. పరిచయస్తుల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి తెచ్చాం. అంటే ఏడాదికి 24 శాతం. అది తీర్చడానికి ఏడాదిన్నర పట్టింది. 2024 జూన్ తర్వాత మళ్లీ బ్రోకర్ల ఫోన్లు మొదలయ్యాయి, ఇప్పుడు ఆ స్థలానికి మంచి ధరే చెబుతున్నారు. అయితే ఏం, పాప ఇంటర్ అయిపోయింది.

నాకు అప్పుడు తెలిసొచ్చింది, మేం ఇన్నాళ్లూ ఎంత వస్తుందో చూశాం గాని ఎప్పుడు చేతికి రావాలో ఎవరమూ చూడలేదు. ఆ రాత్రి మావారు క్యాలెండర్ వెనక పిల్లలిద్దరి పేర్లూ రాసి, ఎవరికి ఏ ఏడు జూన్‌లో ఎంత కావాలో పక్కన వేశారు. మీరు కూడా ఏది కొనాలన్న చర్చ ఆపి, ముందు ఇది వేయండి. పాపకు సుమారు పన్నెండేళ్లలో ఇంటర్, పద్నాలుగేళ్లలో డిగ్రీయో ఇంజినీరింగో. బాబు పదిహేడేళ్లలో అక్కడికొస్తాడు. వీటికంటే ముందు, పాప ఒకటో తరగతి ఫీజు వచ్చే ఏడాదో ఆపై ఏడాదో వస్తుంది. పెద్ద చదువుల గురించి ఆలోచిస్తూ ఈ జూన్ ఫీజు మర్చిపోయి, దానికి అప్పు చేసినవాళ్లలో మేమూ ఉన్నాం.

పాపకైతే సుకన్య సమృద్ధి ఖాతానే తెరవండి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. పదేళ్లు నిండని ఆడపిల్లకే తెరవాలి. 2015 జనవరి 22న పథకం వస్తే, మార్చిలో పోస్టాఫీసులో తెరిచాం. అప్పటికి మా పాపకు ఎనిమిదిన్నర. ఏడాదికి కనీసం 250, ఎక్కువలో ఎక్కువ లక్షన్నర. ఏ ఏడైనా కనీసం కూడా కట్టకపోతే 50 రూపాయల జరిమానా, అంతే, పాలసీలాగా డబ్బు ఎగిరిపోదు. మాలాంటి సీజన్ ఆదాయం ఉన్నవాళ్లకు ఇది ఎంత ఊరటో చెప్పలేను. చేతిలో ఉన్న నెల ఎక్కువ వేశాం, లేని నెల వేయలేదు. వడ్డీ లెక్క ఐదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీద వేస్తారు కాబట్టి, ఏ నెల వేసినా ఐదో తారీఖు లోపల వేయండి. వడ్డీ రేటు ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. మేం తెరిచినప్పుడు 9.1, ఒక దశలో 7.6కు కూడా దిగింది, 2024 జనవరి నుంచి 8.2.

చాలామంది పొరబడేది ఒకచోట. పాపకు 21 ఏళ్లు వస్తే డబ్బంతా వస్తుందనుకుంటారు. కాదు, ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లు. మా పాప ఖాతా గడువు 2036లో, అప్పటికి దానికి ముప్పై దగ్గర పడుతుంది. మీరు ఇప్పుడు తెరిస్తే మీ పాపకు పాతికేళ్లప్పుడు. కట్టాల్సింది మాత్రం మొదటి 15 ఏళ్లే. చదువుకు కావాలంటే, పదో తరగతి పాసైనా లేక 18 నిండినా, ఏది ముందైతే అది, అంతకుముందు మార్చి 31 నాటి నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. కాలేజీ ఇచ్చిన ఫీజు కాగితం చూపించాలి, ఆ మేరకే ఇస్తారు. ఏడాదికోసారి చొప్పున ఐదేళ్లలో తీసుకోవచ్చు. 2024లో మా ఖాతాలో 4 లక్షల పైన ఉంటే, మొదటి ఏడు ఫీజుకు నేను వెళ్లి తీశాను. రెండో ఏడుకు పాపకు 18 దాటింది, ఖాతా దాని చేతికి వచ్చింది, అదే వెళ్లి సంతకం పెట్టింది. కౌంటర్ దగ్గర పాస్‌బుక్కు చూసుకుని "అమ్మా, ఇదంతా ఎప్పుడు కట్టారు?" అంది. దానికి సమాధానంగా క్యాలెండర్ కథ మొదలుపెట్టబోతే పారిపోయింది.

నెలకు 3 వేలు వేస్తే, రేటు ఇలాగే ఉంటే, మీ పాప 18 నాటికి 9 లక్షల పైచిలుకు అవుతుంది. అప్పుడు తీయగలిగేది అందులో సగం, అంటే నాలుగున్నర లక్షల దాకా. కాబట్టి పాప చదువంతా సుకన్యే చూసుకుంటుందని వదిలేయకండి.

బాబుకు సుకన్య లేదు. మావాడికి 2012లో పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, ప్రభుత్వ పొదుపు ఖాతా) తెరిచాం. తెరిచిన ఆర్థిక సంవత్సరం పోను 15 ఏళ్లు, అంటే 2028 మార్చి ఆఖరుకు పూర్తవుతుంది. వాడు ఇంటర్ ముగించేది కూడా అప్పుడే. ఇది మా తెలివి అనుకోకండి, అలా కుదిరింది. రేటు 2020 ఏప్రిల్ నుంచి 7.1. మీరు ఇప్పుడే 500 వేసి ఖాతా తెరిచి పెట్టుకుంటే చాలు, ఆ తర్వాత కూడా ఏడాదికి 500 తప్పకుండా వేస్తే గడియారం నడుస్తూ ఉంటుంది, వీలైనప్పుడు ఎక్కువ వేయొచ్చు. మీ పీపీఎఫ్, మీరు గార్డియన్‌గా ఉన్న బాబు పీపీఎఫ్ కలిపి ఏడాదికి లక్షన్నరే పరిమితి.

కానీ మీ బాబుకు పదిహేడేళ్ల సమయం ఉంది కదా, అందుకే వాడి కోసం దాచేదాంట్లో ఎక్కువ భాగం మ్యూచువల్ ఫండ్‌లో, నిఫ్టీ 50 (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఇండెక్స్ ఫండ్ లాంటి మామూలు దానిలో సిప్, అంటే నెలనెలా కొంత, వేయమంటాను. ఇది చెప్పే అర్హత నాకు తక్కువే. 2017లో 2 వేలతో మొదలుపెట్టాం. 2020 జనవరిలో 12 వేల పైన ఉన్న నిఫ్టీ మార్చి 23కు 7,600 దగ్గరకు పడిపోతే, నేనే మావారిని పోరి ఆపించాను. ఏడాది తిరక్కుండానే మార్కెట్ పోయినదంతా తిరిగి తెచ్చుకుని ఇంకా పైకి వెళ్లింది. చవగ్గా దొరికినప్పుడు కొనడం ఆపినట్టయింది. మీకు అలాంటి రోజు వస్తే ఆపకండి. వాడు ఇంటర్‌లోకి వచ్చేసరికి మాత్రం కొద్దికొద్దిగా తీసి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చుకోండి. సిప్ మీ పేరు మీదే పెట్టండి, బాబు పేరు మీద వద్దు. మైనర్ పేరు మీద పెడితే 18 నిండాక కేవైసీ (గుర్తింపు, చిరునామా) కాగితాలన్నీ మళ్లీ ఇచ్చేదాకా లావాదేవీలు ఆగిపోతాయి, సరిగ్గా ఫీజు కట్టే కాలంలో. పైగా అప్పుడు ఆ డబ్బు వాడిది, బైక్ కొంటానంటే మీరేం చేస్తారు?

బంగారం విషయంలో అత్తగారి మాట పూర్తిగా కొట్టేయకండి. ఏడాదికి ఒక గ్రాము కాయిన్ కొంటే ఆమెకూ సంతోషం. నగ మాత్రం వద్దు, తరుగు, మజూరీ పోతాయి. నాకు తెలిసినంతలో ఆడపిల్ల కోసమని కొన్న బంగారాన్ని చదువు ఫీజుకు ఎవరూ అమ్మలేదు. తాకట్టు పెడతారు, వడ్డీ కడతారు, విడిపిస్తారు, మళ్లీ తాకట్టు పెడతారు.

చీటీ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా వీధిలో ఒకావిడ దగ్గర వేసిన చీటీ మునిగి 65 వేలు పోయాయి. రిజిస్ట్రేషన్ లేదు, కాగితం లేదు, నమ్మకం ఒక్కటే ఉంది. రిజిస్టరైన చీటీ అయితే ఏడాది రెండేళ్ల అవసరానికి పనికొస్తుంది, పిల్లల పదిహేనేళ్ల లెక్కకు కాదు.

మీ 8 వేలు నేనైతే ఇలా వేస్తాను. టర్మ్ ఇన్సూరెన్స్‌కు వెయ్యి పక్కన పెడతాను, ప్రీమియం అంతకంటే తక్కువైతే మిగిలింది బాబు పీపీఎఫ్‌కు. సుకన్యకు 3 వేలు. బాబు కోసం మీ పేరు మీద సిప్‌కు 2,500. మిగతా 1,500 బ్యాంకులో ఏడాది ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్), మే నెలలో పూర్తయ్యేలా మొదలుపెట్టండి, జూన్ స్కూలు ఫీజుకు సరిపోతుంది. స్థలం కొనాలంటే జీతాలు పెరిగాక, ఈ డబ్బు ముట్టుకోకుండా కొనండి. నా మాట మీవారికి నచ్చకపోతే 2022 జూన్‌లో మేం రాసిన నోటు సంగతి చెప్పండి.

పోస్టాఫీసుకు వెళ్లేముందు ఒక్కటి చూసుకోండి. పాప జనన ధ్రువపత్రంలోనూ ఆధార్‌లోనూ పేరు ఒకేలా ఉండాలి, ఇంటిపేరు ముందున్నా వెనకున్నా, పూర్తిగా ఉన్నా పొడి అక్షరాల్లో ఉన్నా. మాకు ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒకే అక్షరం ఉంది. అది సరిచేయించుకోవడానికే మూడు వారాలు తిరిగాం.